కోనసీమలో ఇసుక దిబ్బల మీద సైకిల్ దారి: పాత ఒడ్డును వెతకండి

మీరు అడిగిందేమిటంటే: నెదర్లాండ్స్‌లో ఉన్నప్పుడు హేగ్ నుంచి జాండ్‌వోర్ట్ వైపు, సముద్రం పక్కన ఇసుక దిబ్బల మధ్యగా వేసిన నున్నటి సైకిల్ దారిలో తొక్కారు. ఇప్పుడు సంక్రాంతికి అమలాపురం వస్తున్నారు. అంతర్వేది నుంచి యానాం దాకా అలాంటి సిమెంటు దారో తారు దారో ఒడ్డు వెంబడి ఉందా, లేకపోతే బీచ్ మీదే తొక్కుకుంటూ వెళ్లిపోవచ్చా అని.

సూటిగా చెప్తాను. అలాంటి దారి లేదు. దిబ్బల మధ్యలో సైకిళ్ల కోసమే వేసిన రోడ్డు ఆ తీరంలో మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా దొరకదు. బీచ్ మీద మొత్తం దూరం తొక్కడమూ కుదరదు. మధ్యలో గోదావరి పాయలున్నాయి: వైనతేయ ఉంది, వృద్ధ గౌతమి ఉంది, గౌతమి ఉంది. ఇవి కాక డ్రెయిన్లు (మురుగు కాలువలు), ఉప్పుటేళ్లు ఎన్నో సముద్రంలో కలుస్తాయి. కానీ మీకు కావలసింది కింద ఇసుక దిబ్బ, దాని మీద గట్టి రోడ్డు అయితే, అది మన కోనసీమలో కావలసినంత ఉంది. అది ఇప్పటి ఒడ్డు మీద కాదు, పాత ఒడ్డు మీద ఉంది.

నేను రాజోలు తాలూకాలో పుట్టి పెరిగినవాణ్ణి. పాతికేళ్లుగా ఈ ఊళ్లన్నీ సైకిల్ మీదే తిరుగుతున్నాను. ఈ సంగతి తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

గోదావరి ఒండ్రునీ ఇసుకనీ తెచ్చి సముద్రంలో పోస్తుంది. కెరటాలు ఆ ఇసుకను మళ్లీ ఒడ్డుకు నెడతాయి, గాలి దాన్ని దిబ్బగా పేరుస్తుంది. కొన్ని వందల ఏళ్లకు దాని ముందు ఇంకో దిబ్బ లేస్తుంది, సముద్రం వెనక్కి జరుగుతుంది. ఇలా దాదాపు 6,000 ఏళ్లుగా జరిగిన పని మన డెల్టా. ఆ పాత ఒడ్డుల గీతలు లోపల చాలా దూరం దాకా ఇప్పటికీ ఉన్నాయి. మన పెద్దవాళ్లు వాటిని మెరక అన్నారు. రెండు మెరకల మధ్య ఉన్నది పల్లం. ఊరు, గుడి, కొబ్బరితోట, తుపాను షెల్టరు, రోడ్డు మెరక మీద ఉంటాయి. వరిచేను, రొయ్యల చెరువు, ఏమీ పండని ఉప్పు పర్ర పల్లంలో ఉంటాయి. తీరానికి సమాంతరంగా పోయే ఊరి రోడ్లు చాలావరకు పాత దిబ్బల వీపు మీదే పోతున్నాయి. ఊళ్ల పేర్లు కూడా చూడండి. బలుసుతిప్ప, వాసాలతిప్ప, బియ్యపుతిప్ప. తిప్ప అంటే నీళ్ల మధ్య పైకి లేచిన ఇసుక దిబ్బ.

ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తెరిచి ఉప్పలగుప్తం, కాట్రేనికోన చుట్టుపక్కల చూడండి. ఒడ్డుకు సమాంతరంగా, విల్లులా కొద్దిగా వంగిన ముదురు ఆకుపచ్చ చారలు కనబడతాయి. వాటి మధ్య చెరువులు గళ్లు గళ్లుగా మెరుస్తుంటాయి. ఆ ఆకుపచ్చ చార మెరక. దాని మధ్యలో సన్నగా తెల్లటి గీత కనిపిస్తే అది సీసీ రోడ్డు. నేను రూటు ఇలాగే వేసుకుంటాను. మ్యాపు చెప్పిన దగ్గరి దారి పట్టుకుంటే చెరువుల గట్ల మీదికి తీసుకెళ్లి వదిలేస్తుంది. వర్షం పడిన మర్నాడు ఆ గట్ల మీద బంకమట్టి చక్రానికీ ఫోర్కుకీ మధ్య ఇరుక్కుంటే సైకిల్ ఇక కదలదు.

మెరక మీద ఉన్నామని తెలియడానికి ఇంకో గుర్తు నీళ్లు. ఒకసారి ఎస్. యానాం దాటి సరుగుడు తోట నీడలో ఆగాను, బాటిల్ ఖాళీ. అక్కడ పుల్లలేరుకుంటున్న పెద్దావిడ నా బాటిల్ చూసి, "నీళ్లా బాబూ, ఉండండి" అని తోట మొదట్లో ఇసుకలో ఒక గుంట దగ్గరికి తీసుకెళ్లింది. కొబ్బరి చిప్పతో ఇంకో జానెడు తోడింది. ముందు బురదనీళ్లు ఊరాయి. వాటిని పారబోసింది. మళ్లీ ఊరాయి, మళ్లీ పారబోసింది. మూడోసారి ఊరినవి తేటగా ఉన్నాయి. తాగితే తియ్యగా ఉన్నాయి. కెరటాల చప్పుడు వినబడేంత దగ్గర్లో సముద్రం! దాన్నే చెలమ అంటారు. దిబ్బ మీద పడిన వాన ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీళ్ల మీద తేలుతూ నిలబడుతుంది. తియ్యనీళ్లు ఉప్పునీళ్ల కంటే తేలిక. దిబ్బ ఉన్నంతకాలం ఆ నీళ్లుంటాయి. దిబ్బను తవ్వేసినా, పక్కనే బోర్లు వేసి అదే పనిగా తోడేసినా ఉప్పు పైకొచ్చేస్తుంది.

మీరు తొక్కిన జాండ్‌వోర్ట్ దగ్గర కూడా ఇదే సంగతి. ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1853 నుంచి ఆ దిబ్బల నీళ్లు తాగుతోంది. తోడేస్తుంటే ఉప్పు పైకి రావడం మొదలైందని, 1957 నుంచి రైన్ నది నీళ్లను శుద్ధి చేసి తెచ్చి దిబ్బల్లో ఇంకిస్తున్నారు. ఆ దేశంలో దాదాపు నాలుగో వంతు సముద్రమట్టానికి దిగువన ఉంది కాబట్టి దిబ్బ వాళ్లకు కోటగోడ లాంటిది. అందుకే గడ్డి నాటి పెంచుతారు, కంచె వేస్తారు. జనం దిబ్బంతా తొక్కకుండా ఒకే దారిలో వెళ్లాలనే అక్కడ దారి వేశారు. ఆ కాపలా లేకుండా దారి మాత్రం తెచ్చి మన ఒడ్డున పరిస్తే నిలబడదు. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు చూస్తే అర్థమవుతుంది. కెరటాల పక్కనే రోడ్డు, గట్టిగా తుపాను వచ్చినప్పుడల్లా కోత, మళ్లీ రాళ్లు, మళ్లీ తారు. అందుకే ఒడ్డున సైకిల్ ట్రాక్ వేయాలని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను. మెరక రోడ్లకు రెండు పక్కలా నీడ చెట్లు పెంచమని అడుగుతాను.

ఇక మీ ప్రయాణం. సంక్రాంతి రోజుల్లో అంతర్వేది నుంచి యానాం అనుకున్నారు కదా, దాన్ని తిరగేయండి. యానాం నుంచి అంతర్వేదికి రండి. ఆ నెలల్లో మన తీరం మీద గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. మన ఒడ్డు కూడా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది. అంటే కాకినాడ వైపు నుంచి నరసాపురం వైపు వస్తుంటే గాలి వీపు మీద చెయ్యి వేసి తోసినట్టుంటుంది. అదే మార్చి నుంచి అయితే గాలి దక్షిణం నుంచి వీస్తుంది, మధ్యాహ్నం పైరగాలి బలంగా ఉంటుంది, అప్పుడు నరసాపురం నుంచి బయల్దేరాలి. డెల్టాలో ఎక్కడా ఎత్తుపల్లాల బెడద లేదు. ఇక్కడ మనకు కొండ ఏదైనా ఉందంటే అది ఎదురుగాలే.

కాకినాడ దాకా రైల్లో వచ్చి పొద్దున మొదలుపెట్టండి. యానాం దాకా ముప్పై కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది, దారిలో కోరంగి. మడ అడవిలో చెక్క వంతెన మీద నడవొచ్చు, సైకిల్ బయట పెట్టాలి. కనీసం గంట కేటాయించండి. యానాం దాటాక ఎదుర్లంక వంతెన మీద గౌతమి, అన్నంపల్లి దగ్గర వృద్ధ గౌతమి, తర్వాత ముమ్మిడివరం. ఇదంతా 216 జాతీయ రహదారి, లారీలు ఎక్కువ. జనవరిలో కోనసీమ మంచు మామూలుగా ఉండదు, పది గజాల దూరంలో మనిషి కనబడడు. ఏడున్నర దాటాకే హైవే ఎక్కండి, వెనక ఎర్ర లైటు వెలుగుతూనే ఉండాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు, ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా చెప్తాను.

ముమ్మిడివరం దాటాక హైవే వదిలేసి ఉప్పలగుప్తం మీదుగా ఎస్. యానాం వైపు దిగండి. ఎస్. యానాం అంటే సూరసాని యానాం. పుదుచ్చేరి కింద ఉన్న యానాం వేరు, ఇది వేరు. ఆటోవాళ్లను అడిగేటప్పుడు పూర్తి పేరు చెప్పండి, లేకపోతే వచ్చిన దారే మళ్లీ చూపిస్తారు. ఈ పక్క రోడ్లే నేను చెప్తున్న దిబ్బ దారులు. రెండు వైపులా కొబ్బరి, మధ్య మధ్య తాడిచెట్లు, మొగలి పొదలు, ఇళ్ల ముందు తెల్లటి ఇసుక. సముద్రం కనబడదు, కానీ చప్పుడు వినబడుతుంటుంది. ఒక మెరక దిగి పల్లం దాటి ఇంకో మెరక ఎక్కేటప్పుడు సైకిల్ మీద ఉన్నవాడికి మాత్రమే తెలిసే చిన్న ఎత్తు ఒకటి తగులుతుంది, ఒక గేరు మార్చేంత. కారులో వెళ్తే అది ఎప్పటికీ తెలియదు. దాన్ని గమనించండి, అక్కడ ఒకప్పుడు కెరటాలు విరిగాయి.

ఆ రాత్రికి అమలాపురంలో ఆగండి. మర్నాడు పడమటికి వెళ్లడానికి బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటొచ్చు, అది దగ్గర. నేనైతే అంబాజీపేట, పి. గన్నవరం మీదుగా చుట్టు తిరుగుతాను. గన్నవరం అక్విడెక్టు కోసం. కాటన్ దొర కాలంలో కట్టిన పాత అక్విడెక్టు ఇంకా నిలబడి ఉంది, 49 కమానులు. నది మీదుగా కాలువ పోతుంది! దానివల్లే మా రాజోలు వైపు పొలాలకు నీళ్లొచ్చాయి. ఇప్పుడు నీళ్లు పక్కనే కట్టిన కొత్త అక్విడెక్టులో పారుతున్నాయి. అక్కడి నుంచి తాటిపాక, రాజోలు దాకా కాలువ పక్కన చెట్ల నీడలో రావొచ్చు. కానీ మీరు వచ్చేది కనుమ రోజు అయితే అంబాజీపేట వైపు రావద్దు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే జనంతో ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ నిండిపోతాయి. సైకిల్ పక్కన పెట్టి తీర్థం చూసేద్దామనుకుంటే మాత్రం అంతకంటే మంచి రోజు లేదు.

రాజోలు, మలికిపురం దాటి శంకరగుప్తం వైపు వెళ్తే కొబ్బరిచెట్లు చూడండి. డ్రెయిన్ పొడవునా తలలు వాలిపోయి, మోడులై నిలబడ్డాయి. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్లు డ్రెయిన్‌లోకి ఎగదన్ని, వేళ్లకు ఉప్పు పట్టి చచ్చిపోయాయవి. ఇంతకుముందు చెప్పిన తియ్యనీళ్ల సంగతికి ఇది రెండో వైపు. నా చిన్నప్పుడు ఆ రోడ్డు మీద ఎండ పడేది కాదు. ఇప్పుడు అక్కడ తొక్కుతుంటే గొంతు పట్టేస్తుంది.

చివర్లో కేశవదాసుపాలెం మీదుగా అంతర్వేది. గుడి, లైట్‌హౌస్ సరే, అక్కడి నుంచి ఇంకా ముందుకు వెళ్లి అన్నాచెల్లెళ్ల గట్టు చూడండి. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. అటువైపు ఇసుక మెత్తన, సైకిల్ నడిపించుకునే వెళ్లాలి. తిరుగు ప్రయాణానికి సఖినేటిపల్లి రేవులో పంటు అనే పెద్ద పడవ ఎక్కితే అవతల నరసాపురం, అక్కడ రైలుంది. పంటు మీద సైకిల్ తీసుకెళ్లొచ్చు. గోదావరికి వరద వస్తే పంటు ఆపేస్తారు, జనవరిలో ఆ భయం లేదు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, ఆ వారం రోజులు సైకిల్‌తో రేవు దరిదాపులకు కూడా రాలేరు.

ఇప్పుడు బీచ్ మీద తొక్కడం. పూర్తిగా వద్దనను. నేనూ తొక్కుతాను, కానీ ఒకచోట దిగి కొంత దూరం వెళ్లి అదే చోటికి తిరిగొచ్చేలా. ఇసుక గట్టిగా ఉండేది పాటు సమయంలో, నీళ్లు వెనక్కి తీసిన తడి పట్టీ మీద మాత్రమే. కాకినాడ రేవు ఆటుపోట్ల సమయాలు ఫోన్లో దొరుకుతాయి. బాగా పాటు ఉన్న గంటకు అటు గంటన్నర, ఇటు గంటన్నర, అంతే మీ సమయం. రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు ఎక్కువ దూరం తీస్తాయి, ఎక్కువ దూరం వస్తాయి కూడా. ఇసుకను పరీక్షించడం తేలిక. మడమతో నొక్కండి. కాలి చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లగా ఆరినట్టు కనబడితే గట్టిదని లెక్క. నల్లగా మెరుస్తూ జారితే అది ఒండ్రు, నది ముఖం దగ్గర్లో ఉన్నారన్నమాట. వెంటనే వెనక్కి తిరగండి.

నాకు ఒకసారి ఏం జరిగిందో చెప్తాను. ఎస్. యానాం నుంచి చిర్రయానాం వైపు ఒడ్డు వెంబడే వెళ్లాను. మధ్యలో ఒక చిన్న మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, వెళ్లేటప్పుడు పాదం మునిగేంత నీళ్లున్నాయి. సైకిల్ భుజాన వేసుకుని దాటేశాను. తిరిగొచ్చేసరికి పోటు ఎక్కింది, అదే మొగలో నడుము దాటి నీళ్లు, పైగా లోపలికి లాగేస్తున్నాయి. దాటే ధైర్యం చెయ్యలేదు. దిబ్బ మీదికి ఎక్కి పొడి ఇసుకలో సైకిల్ తోస్తూ దారి కోసం వెతుక్కుంటుంటే ప్రతి అడుగుకూ చక్రం సగం కూరుకుపోయింది. వలలు సర్దుకుంటున్న ఆయన ఒకరు చూసి, "గాలి తీసెయ్యండి బాబూ, ఇసకలో నిండు గాలితో ఎక్కడికెళ్తారండీ, ఆయ్" అన్నారు. రెండు టైర్లలో సగానికి పైగా తీసేశాక సైకిల్ కదిలింది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. దాటిన ప్రతి మొగనూ తిరుగు ప్రయాణం సమయానికి ఎంత లోతు ఉంటుందో లెక్క వేశాకే దాటతాను. రెండు అంగుళాల టైరు అయితే ఇసుకకు ఇరవై పీఎస్ఐ గాలి ఒత్తిడి చాలు. చిన్న పంపు వెంట ఉంచుకోండి, రోడ్డెక్కాక మళ్లీ నింపుకోవాలి.

దిబ్బ మీద సైకిల్ ఎక్కించి తొక్కడం మాత్రం చెయ్యకండి. ఆ రోజు నేను తోసుకుంటూ వెళ్లిన దారి మళ్లీ కొన్ని నెలల తర్వాత చూశాను. నా చక్రాల జాడ పట్టుకుని మోటారు సైకిళ్లు వెళ్లినట్టున్నాయి, అక్కడ బాలబంద తీగ తెగిపోయి, గాలికి ఇసుక లేచిపోయి దిబ్బకు గండిలా పడింది. చాలా బాధేసింది. మేక గిట్టలాంటి ఆకు, లేత ఊదా పువ్వు ఉండే ఆ తీగే ఇసుకను పట్టి ఉంచేది. దాంతోపాటు రావణాసురుడి మీసాలు అనే ముళ్లగడ్డి ఉంటుంది. దాని గుండ్రటి కంకులు గాలికి బంతుల్లా దొర్లుకుంటూ పోతాయి. ఈ రెండూ లేకపోతే దిబ్బ లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో వెయ్యి మందికి పైగా పోయిన ప్రాంతం ఇది. ఉప్పెనకు మొదట ఎదురు నిలబడేది ఈ దిబ్బే కాబట్టి, దాటాల్సి వస్తే జాలర్లు నడిచే కాలిబాటలోనే సైకిల్ చేత్తో పట్టుకుని దాటండి.

ఇంకో మాట. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. దిబ్బ మొదట్లో, పోటు నీళ్లు అందని చోట గుంట తవ్వుకుంటాయి. పొద్దు గూకాక బీచ్ మీద సైకిల్ వద్దు, లైటు అసలు వద్దు. వెలుగు పడితే వచ్చిన తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. పొద్దున్నే వెళ్తే ఇసుక మీద ట్రాక్టరు పోయినట్టు జాడ కనబడుతుంది, అది తాబేలు నడిచిన దారి. దాని మీదుగా తొక్కకుండా నీళ్ల వైపు నుంచి చుట్టి వెళ్లండి.

సైకిల్ విషయానికొస్తే, ఇక్కడ టైర్లకు అసలు శత్రువు పల్లేరు కాయ. మెరకల మీద రోడ్డు అంచున అల్లుకుని ఉంటుంది, పసుపు పువ్వు. ఎవరైనా ఎదురొచ్చి రోడ్డు దిగాల్సి వచ్చిందా, పంక్చరే. ఒకసారి మలికిపురంలో షాపతను నా ఒక్క టైరులోంచి పట్టకారతో పదకొండు ముళ్లు పీకి వరసగా బల్ల మీద పేర్చాడు. తర్వాత పాత ట్యూబు నిలువునా కోసి టైరుకీ ట్యూబుకీ మధ్య పట్టీలా పరిచి బిగించాడు. బరువు కొంచెం పెరుగుతుంది కానీ నాకు ఆ టెన్షన్ చాలావరకు తగ్గింది. మీరు వచ్చే ముందే అలా వేయించుకోండి, స్పేర్ ట్యూబు ఒకటి ఎలాగూ ఉండాలి.

ఉప్పు గాలికి చైను రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. బీచ్ మీద తొక్కినా తొక్కకపోయినా ప్రతి సాయంత్రం ఒక బకెట్ మంచినీళ్లతో, మెల్లగా పోస్తూ కడగండి. గట్టిగా చిమ్మితే ఇసుక బేరింగుల్లోకి వెళ్తుంది. బాగా తుడిచి, చైను ఆరాకే ఆయిల్ వెయ్యండి, తడి మీద వేస్తే ఇసుకతో కలిసి సాన పట్టినట్టు అరగదీసేస్తుంది. బ్రేక్ షూలలో ఇరుక్కున్న ఇసుక రేణువులు గోటితోనైనా తీసెయ్యండి. నీళ్లు ఎవరింటి ముందు ఆగి అడిగినా ఇస్తారు, మెరక మీద ఇల్లయితే బావి నీళ్లు. పల్లం వైపు ఇళ్లలో బోరు నీళ్లు ఒక్కోచోట ఉప్పగా ఉంటాయి, కడిగే ముందు నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూడండి.